మన కాళ్ల క్రింది నేల
(హనుమాన్ జంక్షన్‌లో గ్రంథాలయ పాఠకుల సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభకు వచ్చుటకు ముందు మేము కూడలిలోని ఆంజనేయస్వామి గుడి యెదుట కొంతసేపు నిలిచితిమి. దక్షిణముగా తిరిగి చూచినచో గుడివాడ దారి. ఆ దారిని కొంత దూరము పోయినచో నల్లనేల, వరిచేలు, పంటకాలువలు, చేపల చెరువులు కానవచ్చును. ఉత్తరముగా తిరిగినచో నూజివీడు దారి. అటు పోయినకొలది ఎర్రనేల, మెట్ట, మామిడితోటలు. ఇటువైపు రైతు కాలువకు నీరెప్పుడు వదలుదురా యని చూచును; అటువైపు రైతు మబ్బువంకయో, బోరుబావి వంకయో చూచును. మన ఊరు హనుమాన్ జంక్షన్; మన రైలుస్టేషను పేరు మాత్రము నూజివీడు. ఊరు రెండు నేలల పొలిమేర మీద కూర్చున్నది.

ఇట్లేల యున్నది? పదేండ్ల బాలుడు ఈ ప్రశ్న వేసినచో మనలో ఎందరము సమాధానము చెప్పగలము? మేము న్యాయస్థానములలో మసలువారము. సర్వే నెంబరు తెలియని రైతును మేము నేటివరకు చూడలేదు. పొలము గట్టు ఒక జానెడు జరిగినచో అన్నదమ్ములు కోర్టుకెక్కుదురు, పటములు తెప్పింతురు, హద్దురాళ్లు త్రవ్వి చూపింతురు. కాని ఆ సర్వే నెంబరు క్రింద ఏ రాయి యున్నదో, ఆ రాయి నీటిని నిలుపుకొనునో విడిచిపెట్టునో తెలిసినవారు అరుదు. నేల పైభాగమునకు దస్తావేజులున్నవి. నేల లోపలి సంగతికి మన యింట కాగితము లేదు. మన యింట లేకున్నను ఆ కాగితము వేరొకచోట ఉన్నది. రెండు వందల సంవత్సరములకు పైగా ఇతరులు మన నదులను, రాళ్లను, ఖనిజములను పరిశీలించి వ్రాసిపెట్టిరి. ఆ వ్రాతల కథ మీకు మనవి చేయుట నేటి మా ఉద్దేశము.

ముందుగా నదుల సంగతి. 1790 దశకమున మైకేల్ టాపింగ్ అను ఆంగ్లేయుడు కృష్ణా గోదావరుల ముఖద్వారములను, తీరప్రాంతమును కొలిచెను. మద్రాసులో 1792లో నెలకొన్న నక్షత్రశాలకు రూపకల్పన చేసినవాడును, 1794లో అక్కడ సర్వే పాఠశాలను స్థాపించినవాడును ఇతడే. ఆ పాఠశాలయే కాలక్రమమున గిండీ ఇంజనీరింగు కళాశాల యైనది. మన నదుల నీటిని కాలువల ద్వారా పొలములకు మళ్లింపవచ్చునని ఇతడు ఆనాడే ప్రభుత్వమునకు తెలిపెను. 1796లో మచిలీపట్టణమున జ్వరముతో మరణించెను.

ఈ సూచనకు ఆధారమైన సంగతి సులభమైనదే. డెల్టాలో నది పల్లమున పారదు. ప్రతి వరదయందును తన ఒండ్రును తన ఒడ్డునే పోసి, తానే కట్టిన గట్టు మీద పారుచుండును. ఒడ్డునుండి దూరము పోయినకొలది నేల వాలుగా దిగును. కావున నదికి అడ్డముగా ఆనకట్ట వేసి నీటిమట్టమును కొంత పెంచినచో, నీరు తన బరువుతో తానే మైళ్లకొలది పొలములకు నడచును. ఈ సంగతిని మట్టపు పరికరముతో కొలిచి అంకెలలో చూపుటయే సర్వే.

కాని టాపింగు కొలతల తరువాత ఏమి జరిగినది? కాగితములు కట్టలలో ఉండెను. ఏండ్లు గడచెను. 1832-33లో నందన కరువు వచ్చెను. గుంటూరు జిల్లాలోనే సుమారు రెండు లక్షల మంది మరణించిరని చరిత్రకారులు వ్రాసిరి. కృష్ణ తన నీటిని సముద్రములో కలుపుచునే యుండెను. దాని ఒడ్డున జనము అన్నములేక చచ్చుచునే యుండిరి. ఆర్థర్ కాటను గోదావరి మండలమును పరిశీలించి నివేదిక వ్రాసినది 1844లో. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. టాపింగు సూచనకును, మొదటి ఆనకట్టకును నడుమ అర్ధ శతాబ్దము గడచినది. ఆ నడుమ మరణించినవారి లెక్క ఏ పటమునను గుర్తింపబడలేదు. తెలిసియుండుట వేరు, తెలిసినదానిని ప్రజల క్షేమమునకు వినియోగించుట వేరు అనుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

మా మాటలను ఆంగ్లేయులపై ద్వేషముగా ఎవరును భావింపకుందురు గాక. కాటను దొర విగ్రహమునకు గోదావరి రైతు నేటికిని పూలమాల వేయుచున్నాడు. అది కృతజ్ఞత తెలిసిన జాతి లక్షణము. సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గు వానను కొలిచి లెక్క వ్రాసెను; 1790 ప్రాంతపు కరువును కన్నులారా చూచి, కొబ్బరి, పనస మొదలగు ఆహారవృక్షములను విరివిగా నాటవలెనని సలహా యిచ్చెను. అట్టివారి శ్రమను తక్కువ చేయుట న్యాయము కాదు. మా ప్రశ్న వేరు: ఆ విద్య ఎవరి చేతిలో ఉండెను? దానిని నేర్చు అవకాశము ఎవరికి కలిగెను? టాపింగు పాఠశాలలో మొదట చేరిన బాలురు మద్రాసు అనాథాశ్రమములోని యూరోపియను సైనికుల సంతతివారు. కృష్ణ ఒడ్డున పుట్టిన బాలునికి కృష్ణను కొలుచు విద్య నాడు అందలేదు.

ఇక మన పొరుగునకే వత్తము. రాక్స్‌బర్గు తరువాత సామర్లకోట తోటల పనిని చూచిన బెంజమిన్ హెయిన్ అను వైద్యుడు 1795లో నూజివీడు ప్రాంతపు రమణక్కపేటలో ఇనుము తీయు విధానమును పరిశీలించి ఒక నివేదిక వ్రాసెను. అందలి తేది ఆ సంవత్సరము సెప్టెంబరు 1. ధర్మపాల్‌గారు 1971లో ప్రకటించిన పదునెనిమిదవ శతాబ్దపు భారతీయ విజ్ఞాన గ్రంథమున ఈ నివేదిక తిరిగి అచ్చయినది. మామిడికి పేరెన్నికగన్న ఈ సీమలో ఒకనాడు మట్టికొలుములు మండినవని మనలో ఎందరికి తెలియును? కొండరాయి తెచ్చి, అడవి బొగ్గు చేర్చి, తోలుతిత్తులతో గాలి కొట్టి, కరగిన ముద్దను సమ్మెటతో మోది ఇనుము చేసిన కుటుంబములు ఇక్కడ ఉండెను. ఏ రాతిలో ఇనుమున్నదో వారికి చదువు చెప్పిన కళాశాల లేదు. తాతనుండి మనుమనికి వచ్చిన చూపు అది. పరిశీలకుడు వారిని అడిగి వ్రాసికొనెను. ఆ వ్రాత నిలిచినది. వారి పేర్లును నిలువలేదు, వారి కొలుములును నిలువలేదు. ఆంగ్ల దేశమునుండి చవక ఇనుము దిగుమతి కాగా దేశమంతట ఈ వృత్తి అంతరించినది.

ఇదే హెయిన్ మల్లవల్లి వజ్రపు గనులను గూర్చియు వ్రాసెను. 1814లో లండనులో అచ్చయిన అతని గ్రంథమున ఆ వివరము కలదు. గోతులు త్రవ్వి, గులకమన్ను పైకి తీసి, కడిగి, ఎండలో పరచి, కన్నులతో వెదకుట ఆ పనియొక్క క్రమము. మల్లవల్లి పేరు నేడు పారిశ్రామికవాడ మూలమున వినబడుచున్నది. ఆ దారిన పోవు లారీలవారిలో ఎవరికైనను ఈ మట్టిని ఒకప్పుడు వజ్రములకొరకు జల్లెడ పట్టిరని తెలియునా?

ఇప్పుడు రాళ్ల సంగతి. భారత భూగర్భ పరిశోధనశాఖ 1851లో ఏర్పడెను. ఆ శాఖకు చెందిన విలియం కింగ్ అనునతడు 1870 దశకమున మన మెట్టప్రాంతములందు తిరిగెను. ఎల్లందు వద్ద బొగ్గును గుర్తించి నేటి సింగరేణి గనులకు దారి చూపినవాడు ఇతడే. గోదావరి జిల్లా తీరప్రాంతపు శిలలను గూర్చి ఇతడు వ్రాసిన గ్రంథము 1880లో వెలువడెను. అందులో మూడు శిలాశ్రేణులకు మన ఊళ్ల పేర్లు పెట్టెను. అడుగున గొల్లపల్లి ఇసుకరాయి. నూజివీడు చేరువనున్న మన గొల్లపల్లియే అది. దాని మీద రాఘవాపురపు పలకమన్నురాయి. చింతలపూడి ప్రాంతపు రాఘవాపురము. ఆపైన తిరుపతి ఇసుకరాయి. ఇది మన చిన్న తిరుపతి, ద్వారకా తిరుమల.

ఈ మూడు పేర్లును ప్రపంచ భూగర్భశాస్త్రమున స్థిరపడినవి. గొల్లపల్లి రాళ్లలో దొరకిన ఆకుల ముద్రలను గూర్చి ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ అను బొహీమియా దేశపు శాస్త్రజ్ఞుడు 1877లో ప్రత్యేక గ్రంథమే వ్రాసెను. రాఘవాపురపు రాతిలో సముద్రజీవుల శిలారూపములు దొరకినవి. అనగా పది కోట్ల సంవత్సరములకు పూర్వము నేటి మామిడితోటల చోట అడవియు, దాని ప్రక్కన సముద్రమును ఉండెనన్నమాట. ఈ శిలలు తూర్పు దక్షిణముగా వాలి డెల్టా ఒండ్రు క్రిందికి దిగి, సముద్రము క్రిందికి పోయినవి. 1970 దశకపు చివరినుండి కృష్ణా గోదావరి పరీవాహమున చమురు, సహజవాయువుల కొరకు బావులు త్రవ్విన ఇంజనీర్లు లోతున ఈ శిలలనే గుర్తించిరి. ఆ వాయువునకు ప్రధానమైన పుట్టినిల్లు రాఘవాపురపు పలకరాయి యని వారి నిర్ణయము. ఒక ఊరిపేరు పరదేశపు పుస్తకములలోను, చమురు సంస్థల లెక్కలలోను మారుమ్రోగుచున్నది. ఆ ఊరి బడిలో ఆ సంగతి పాఠము కాలేదు.

ఇక్కడ మనవారి మాట ఒకటి చెప్పక తప్పదు. మనకు సమీపమున నున్న ఏలూరికి చెందిన కావలి సోదరులను మీరెరుగుదురు. కావలి వెంకట బొర్రయ్య 1790 దశకమున కర్నల్ మెకంజీ వద్ద చేరెను. మైసూరు సర్వేయందు దేశమంతట తిరిగి, శాసనములు చదివి, పండితులతోను, గ్రామపెద్దలతోను మాటలాడి విషయసేకరణకు ఒక పద్ధతి ఏర్పరచెను. 1803లో ముప్పదియేండ్లైనను నిండకమునుపే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. మరియొక తమ్ముడు రామస్వామి దక్కను కవుల చరిత్రను 1829లో ఆంగ్లమున ప్రకటించెను. మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను, 1821లో మరణించెను. అతని సేకరణలే మనకు కైఫియతులు. గ్రామముల చెరువులు, పంటలు, సరిహద్దులు వానిలో కనబడును.

మెకంజీ మరణానంతరము ఆ మహాకార్యమును కొనసాగింతునని లక్ష్మయ్య 1830 దశకమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి విన్నవించుకొనెను. ఒక దేశీయుడు అట్టి కార్యమునకు నాయకత్వము వహింపజాలడని వారు త్రోసిపుచ్చిరి. పాతికేండ్లకు పైగా ఆ పనియందే తలపండిన మనిషికి, ఆ పనికి నీవు చాలవని సమాధానము! పరతంత్రత యనగా పన్నులు కట్టుట మాత్రమే కాదు. తన నేలను గూర్చి తాను తెలిసికొనుటకు తగడని ఒకడు చెప్పగా, ఒప్పుకొని ఊరకుండుటయే నిజమైన పరతంత్రత.

ఒప్పుకొనని వారును లేకపోలేదు. వంగదేశపు ప్రమథనాథ బోసు 1880లో భూగర్భశాఖలో చేరి, తనకన్న చిన్నవాడైన ఆంగ్లేయుని తన పైకెక్కించినందున 1903లో కొలువు మానుకొనెను. మయూర్‌భంజ్ సంస్థానమున ఇనుపకొండలను కనుగొని 1904 ఫిబ్రవరిలో జంషెడ్జీ టాటాకు లేఖ వ్రాసెను. ఆ లేఖనుండి జంషెడ్‌పురపు ఉక్కు కర్మాగారము పుట్టినది. నాటి మన జిల్లాలోనే చూడుడు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు నందికొండ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టవచ్చునని నమ్మి, సొంత ధనముతో సర్వే చేయించి, 1952లో ఖోస్లా సంఘము ఆ స్థలమును చూచుటకు అడవిలో దారి వేయించిరి. 1955 డిసెంబరు 10న అక్కడ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. టాపింగు కాగితమునకు అర్ధ శతాబ్దము పట్టినది. ప్రజల పక్షమున నిలిచినవారు సర్వేను చేతపట్టినప్పుడు కొలది ఏండ్లే చాలినవి.

ఇంతవరకు చెప్పినది గతము. ఇక నేటి మాట. కొంతకాలము క్రిందట ఇద్దరు అన్నదమ్ములు బోరుబావి తగాదాతో మా వద్దకు వచ్చిరి. తమ్ముడు తన హద్దుదగ్గర లోతైన బోరు వేసినందున తన బోరు ఎండిపోయినదని అన్న ఫిర్యాదు. చెట్టున కాయ నిలువక అన్న అప్పులపాలయ్యెను. ఇరువురును కలిసి అప్పటికి ఏడు బోర్లు వేసియుండిరి. అందు అయిదింట నీరు పడలేదు. ఎంత లోతున ఏ రాయి తగిలినది, ఏ రంగు మన్ను వచ్చినది అని అడిగితిమి. ఒకరి ముఖమొకరు చూచికొనిరి. బోరుబండివానికి ఇచ్చిన రూకల లెక్క చిల్లులేకుండ చెప్పిరి. భూమి చెప్పిన మాట ఒకటియు వారికి జ్ఞాపకము లేదు. ఆ అయిదు గోతులును ఆ రైతులు తమ సొంత ధనముతో చేయించిన భూగర్భ సర్వేలే గదా! కింగ్ దొర గుర్రముపై తిరిగి పైపై రాళ్లను చూచి వ్రాసెను. మన రైతు వందల అడుగుల లోతు చూచి, వ్రాయక విడిచిపెట్టుచున్నాడు. ఆ ఆవలి సంవత్సరము పొరుగువాడు అదే చోటున మరల గోయి త్రవ్వి మరల అప్పు చేయుచున్నాడు.

ఇసుకరాయి తన రేణువుల నడుమ నీటిని దాచును. పలకరాయి తడిసినను నీరు విడువదు. గట్టి నల్లరాతిలో పగుళ్లయందు తప్ప నీరుండదు. ఈ మూడును మన మెట్టలో ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నందుననే ఒక తోటలో నీరు పడి, ప్రక్క తోటలో పడకున్నది. ఇది అదృష్టమును కాదు, కొబ్బరికాయ మహిమయు కాదు. మెట్టపై కురిసిన వాన ఈ ఇసుకరాతిలోనికి దిగి నిలువ కావలెను. చెరువులు పూడి, కొండలను కంకరకొరకు తొలిచి, వాగులను ఆక్రమించినచో దిగవలసిన నీరు దిగదు. పైనుండి వరదయై దూకును. బుడమేరు 2024 సెప్టెంబరులో గండ్లు పడి విజయవాడను ముంచినప్పుడు మనమందరము చూచితిమి. మహానదులను కొలిచిన కొలతలు నూరున్నవి. మన వాగుల మీద మన కన్ను లేదు. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు మూడును కొల్లేటిలో కలియునవే. ఒకటి నేర్పిన పాఠము తక్కిన రెంటికిని వర్తించును.

2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల రీసర్వే మొదలైనది. ఆకాశమున ఎగురు యంత్రములు హద్దులు కొలిచినవి. అదియు నేల పైభాగమే. లోపలి సంగతికి ప్రభుత్వశాఖలు లేకపోలేదు. భూగర్భజలశాఖ పరిశీలన బావులున్నవి. భూగర్భ పరిశోధనశాఖ పటములు నేడు కంప్యూటరులో ఎవరికైనను దొరకును. కింగ్ గ్రంథమును ఉచితముగా చదువవచ్చును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము బావులను నమోదు చేయింపవలెనని విధించినది. తలుపు తెరచియే యున్నది. లోనికి పోవువారు కావలెను.

కావున ఈ గ్రంథాలయము ఒక పని పూనవలెనని మా మనవి. ఇచ్చట ఒక లావుపాటి పుస్తకము పెట్టుడు. చుట్టుపట్ల ఎవరు బోరు వేసినను, పది అడుగులకొకమారు పైకి వచ్చిన మన్ను రంగు, రాతి తీరు, నీరు పడిన లోతు అందు వ్రాయింపుడు. నీరు పడని బోరును తప్పక వ్రాయింపుడు. అపజయము దాచుకొనదగిన సిగ్గు కాదు, పొరుగువాని అప్పును తప్పించు సాక్ష్యము. ఊరిలోని రెండు మూడు పాత నూతులలో నెలకొకమారు తాడు దింపి నీటిమట్టము కొలువుడు. వానను కొలుచు పాత్ర ఒకటి గ్రంథాలయపు మేడమీద పెట్టి బడిపిల్లలచేత ప్రతి ఉదయమున లెక్క వ్రాయింపుడు. గొల్లపల్లికి వారిని తీసికొనిపోయి, తమ ఊరి రాయి ఏ కాలపుదో చూపుడు. దీనికి ధనము కొంచెమే చాలును. క్రమము తప్పకుండుట ముఖ్యము. పదేండ్లు గడచిన పిమ్మట ఆ పుస్తకము ఈ ప్రాంతపు మామిడి రైతుకు ఏ దస్తావేజుకన్నను తక్కువ విలువ చేయదు.

లక్ష్మయ్యగారిని కాదన్నవారు పోయిరి. వారి రాజ్యమును 1947లో పోయినది. నేడు మనలను వలదనువారు లేరు. అందుచేత ఇకమీదట మన నేల మనకు తెలియకున్నచో నిందింపదగినవారు మనమే. వచ్చు తొలకరినాటికి ఆ పుస్తకపు మొదటి పుట నిండియుండవలెనని కోరుచు విరమించుచున్నాము.